విదేశాల్లో వాలంటీరింగ్‌కి వెళ్లే ముందే బైక్ నేర్చుకోవాలా, వెళ్లాక అక్కడ నేర్చుకోవాలా?

ఖర్చు: ముందే అయితే ట్రైనింగ్, టెస్ట్ ఫీజు తప్పవు. అక్కడైతే తోటి వాలంటీర్ ఎవరో ఫ్రీగా నేర్పేస్తారు, కాకపోతే కింద పడేస్తే బండి రిపేర్ మనదే.

టైం: ముందైతే కొన్ని వారాలు. అక్కడ రెండ్రోజుల్లో గేర్లు వచ్చేస్తాయి (వచ్చేశాయి అనుకోవడమే అసలు డేంజర్).

రిస్క్: తేడా అంతా దీన్లోనే ఉంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అంటే మన లైసెన్స్‌కి అనువాదం లాంటిదే, లైసెన్స్‌లో బైక్ కేటగిరీ లేకపోతే కార్‌ది ఉన్నా లాభం లేదు, అలా నడిపి యాక్సిడెంట్ అయితే చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్‌లు పైసా ఇవ్వవు, హాస్పిటల్ బిల్లు మొత్తం మన నెత్తినే. వాలంటీర్లని వేరే దేశాలకి పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ అయితే మామూలుగా వాలంటీర్లని బైకే ఎక్కనివ్వదు, కాబట్టి ముందు మీ సంస్థ రూల్ అడగండి.

అలవాటు: ఇందులో మాత్రం అక్కడ నేర్చుకోవడమే నయం, ఆ మట్టిరోడ్లు, ఆ ట్రాఫిక్ అక్కడే అలవాటవుతాయి. 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్ టైపు, క్లచ్ లివర్ లేని బండి దొరికితే ఇంకా ఈజీ.

ఏడాది పాటు ఊళ్లు తిరిగే పనైతే ముందే లైసెన్స్ తీసుకుని వెళ్లండి. అక్కడి లైసెన్స్ తీసుకునే వీలుంటే అక్కడే నేర్చుకోవచ్చు. రెండు వారాల ట్రిప్‌కైతే రెండూ వద్దు, బస్సెక్కండి.