చేతితో తిప్పే పాస్తా మెషిన్: మూడేళ్ల వాడకం తర్వాత

మైదా ముద్దను పల్చటి రేకుగా ఒత్తే స్టీల్ మెషిన్ ఇది. హన్మకొండలోని మా వంటింట్లో మూడేళ్లుగా దాదాపు వారం వారం తిరుగుతోంది. రోలర్ల వెడల్పు 15 సెంటీమీటర్లు. మందం మార్చే గుండీ మీద 1 నుంచి 7 దాకా అంకెలు, వెనక సన్న, వెడల్పు కట్టర్లు రెండు. రావియోలి, అంటే లోపల పూర్ణం పెట్టి మూసే పాస్తా, చేసేవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. రిబ్బన్లలా కోసే తాల్యాతెల్లె ఒక్కటే చాలనుకుంటే మాత్రం చపాతీ కర్ర, పదునైన కత్తి సరిపోతాయి. 1972లో ఇటలీలోని బొలోన్యా నగర వాణిజ్య మండలిలో నమోదైన కొలత ప్రకారం ఉడికిన తాల్యాతెల్లె వెడల్పు 8 మిల్లీమీటర్లు. రేకును వదులుగా చుట్టి కత్తితో కోస్తే ఆ కొలత సులువుగానే వస్తుంది.

మొదటి పేచీ బిగింపు దగ్గరే. మన వంటగట్లు చాలావరకు గ్రానైటువి, పైగా ముందు అంచుకు ఇంకో పట్టీ అతికించి మందం చేస్తారు. క్లాంప్ నోరు అంత తెరుచుకోదు, తెరుచుకున్నా నున్నటి రాయి మీద జారుతుంది. చెక్క బల్లకు బిగించి, మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క పెడితే కదలదు. కొత్తలో రోలర్లకు గ్రీజు ఉంటుంది కాబట్టి, రేకు మీద బూడిదరంగు చార పోయేదాకా పనికిరాని పిండిని తిప్పి పారేయండి.

పిండికి ఇటలీ లెక్క 100 గ్రాములకు ఒక గుడ్డు. అక్కడి గుడ్లు పెద్దవి. మన ఫారం గుడ్డు పెంకు తీస్తే 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. అందుకే 300 గ్రాముల మైదాకు మూడు గుడ్లు, పైన ఒక పచ్చసొన పడతాయి. తూకం వేస్తే 155 గ్రాములు. ముద్ద పూరీ పిండికన్నా గట్టిగా ఉండాలి. చపాతీ పిండిలా కలిపితే రోలర్లకు అతుక్కుని చిరుగుతుంది. పది నిమిషాలు పిసికి, గిన్నె బోర్లించి అరగంట వదిలేయండి. ఆ అరగంట ఎగ్గొడితే 4వ అంకె దగ్గర రేకు రబ్బరులా వెనక్కి గుంజుకుంటుంది.

1వ అంకె మీద ఒత్తి, మూడు మడతలు పెట్టి మళ్లీ ఒత్తాలి. ఇలా ఐదారుసార్లు చేస్తే రేకు పట్టుగుడ్డలా నునుపెక్కుతుంది. ఆ తర్వాత ఒక్కో అంకే పెంచుకుంటూ పోవాలి. తొందరపడి 3 నుంచి 5కి దూకితే రేకు ముడతలు పడుతుంది. రావియోలికి 6 దగ్గర ఆపేయండి. 7 మీద చేస్తే పూర్ణం బరువుకు అడుగు చిల్లు పడుతుంది.

మే నెలలో అసలు పరీక్ష. వడగాలి రోజుల్లో ఫ్యాను కింద రేకు రెండు మూడు నిమిషాల్లోనే అప్పడంలా బిగుస్తుంది. ఆ అంచును ఎంత తడిపినా సరిగ్గా అతకదు, ఎసట్లో వేయగానే నోరు తెరుస్తుంది. ఫ్యాను ఆపి, ఒక్కో రేకే తీసి, నింపి మూసేశాకే రెండోది ఒత్తండి. వానాకాలంలో దీనికి తిరగబడి ఉంటుంది: సొన ఒక చెంచా తగ్గించాలి.

రావియోలి పగిలితే నేరం సగంసార్లు పూర్ణానిదే. ఇటలీలో పూర్ణానికి వాడే రికోటా అనే మెత్తటి జున్ను, పాలు విరిచాక మిగిలిన నీటిని మళ్లీ కాచి తీసేది. మన ఇళ్లలో లీటరున్నర పాలు నిమ్మరసంతో విరిచి, బట్టలో గంటసేపు వేలాడదీస్తే వచ్చే ముద్ద ఆ పనికి చాలు. 250 గ్రాముల ముద్దకు రెండు కట్టల పాలకూర ఉడికించి, పిడికిట్లో పిండి, సన్నగా తరిగి కలపండి. పిండాక కూడా పళ్లెంలో తడి మరక కనిపిస్తే ఇంకోసారి పిండాల్సిందే. ఉప్పు, మిరియాలు, చిటికెడు జాజికాయ చాలు. ఖీమా అయితే ముందే పొడిగా వేయించి చల్లార్చాలి. నాలుగు నిమిషాల ఎసట్లో పచ్చి మాంసం ఉడుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

మెషిన్‌తో ఇచ్చిన గుంతల అచ్చు దండగ. గుంత నిండా పెడితే అంచుకు చోటు మిగలదు, తక్కువ పెడితే గాలి చిక్కుతుంది. గర్జెలు ఒత్తడం తెలిసిన చెయ్యికి అచ్చుతో పనేముంది? చెంచాడు పూర్ణం నాలుగు వేళ్ల ఎడంతో పెట్టి, చుట్టూ తడివేలు రాసి, పై రేకు కప్పి, పూర్ణం పక్క నుంచి బయటికి నొక్కుకుంటూ గాలంతా వెళ్లగొట్టాలి. లోపల మిగిలిన గాలి వేడికి ఉబ్బి అతుకు విప్పేస్తుంది. చేసినవాటిని బొంబాయి రవ్వ చల్లిన పళ్లెంలో పెట్టండి, మైదా చల్లితే చెమ్మకు బంకయిపోతుంది. గంట దాటేటట్టుంటే అలాగే ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక డబ్బాలో వేయండి. కరిగించకుండా నేరుగా ఎసట్లో వేసి, ఒక నిమిషం ఎక్కువ ఉంచితే సరి.

లీటరు నీళ్లకు 10 గ్రాముల ఉప్పు. నీళ్లు కుతకుతలాడకుండా మెల్లగా మరగాలి, మూడు నాలుగు నిమిషాల్లో తేలతాయి. జల్లెడలోకి వంచకుండా చిల్లుల గంటెతో తీయండి.

మెషిన్‌ను ఒక్కసారి కూడా కడగొద్దు, లోపల తుప్పు పడుతుంది. పిండి ఆరాక బ్రష్‌తో దులిపితే చాలు. కీచుమంటే వంటనూనె పోయకండి, జిగురు కడుతుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండు చుక్కలు రోలర్ చివర్లలో వేయండి.

ఇంకా విసిగించేది హ్యాండిల్. గుంతలో వదులుగా ఉండి, తిప్పుతుంటే ఊడి చేతికొస్తుంది. కంపెనీకి రెండుసార్లు రాసినా ఉలుకూ పలుకూ లేదు. నల్లాల పనివాళ్లు వాడే తెల్ల టేపు కొనకు మూడు చుట్లు చుట్టాక నిలిచింది. ఏడాదికోసారి ఆ టేపు మార్చాలి.