రాక్‌వూల్ పలకలతో పాటల గది: ఏడాది వాడాక

స్టీల్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా 31 ఏళ్లు చేశాను. స్టీమ్ పైపుల మీద వేడి పోకుండా చుట్టే రాక్‌వూల్‌ని, అంటే రాతి దారాల ఉన్నిని, చూడని రోజు లేదు. ముట్టుకుంటే దురద, విప్పితే దుమ్ము, తడిస్తే తలనొప్పి. రిటైరయ్యాక అదే సరుకుని సొంత డబ్బుతో కొని, నేను కూర్చునే గదిలో గోడలకి తగిలిస్తానని అప్పుడెవరైనా అంటే నవ్వి ఊరుకునేవాణ్ని.

కూర్మన్నపాలెంలో మా మేడ మీద గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. పుట్టీ పెట్టి నున్నగా తీర్చిన గోడలు, కింద టైల్స్, పైన స్లాబు. సామానంతా కలిపి ఒక దివాన్, ఒక కుర్చీ, రెండు స్పీకర్లు, ఒక యాంప్లిఫయర్. పీఎఫ్ డబ్బులో కొంత తీసి కొన్న స్పీకర్లవి. కొట్లో విన్నప్పుడు కమ్మగా ఉన్నాయి. ఇంటికి తెచ్చి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెడితే, నూతిలో చెంబు పడ్డట్టు మోత. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడకీ గోడకీ మధ్య ‘టర్‌ర్‌ర్’ మని తిరిగేది. స్పీకర్లే మార్చేద్దామనుకున్నాను. మా మేనల్లుడు ఆపాడు. “మావయ్యా, తప్పు స్పీకర్లది కాదు, గదిది” అన్నాడు.

సరే, గదికి వైద్యం మొదలెట్టాను. మొదటి మందే వికటించింది. ఆన్‌లైన్‌లో గుడ్ల ట్రేలా ఎత్తుపల్లాలున్న నల్ల ఫోమ్ దొరుకుతుంది కదా, అడుగు చదరం ముక్కలు 24, అంగుళం మందం, 2,400 రూపాయలు. డబుల్ టేపుతో అంటించాను. ఏప్రిల్ వచ్చేసరికి మన ఊరి ఉక్కపోతకి టేపు జారిపోయి, ఒక్కోటీ రాలడం మొదలైంది. అర్ధరాత్రి టప్పుమని పడితే మా ఆవిడ బల్లి అనుకుని లేచి లైటు వేసేది. రాలకుండా ఉన్నన్నాళ్లూ చేసిన మేలు కూడా ఏమీ లేదు. తంబురాలో జీవా, అంటే ఆ ఝుమ్మనే నాదం, పోయింది, తీగ మీద కమాను రాసుకునే ఆ చిన్న గరగర పోయింది, మృదంగం ఎడమ వైపు మోత మాత్రం అలాగే ఉంది. ఉండదా మరి? 100 హెర్ట్జ్ శబ్దానికి ఒక్క అల పొడవే దాదాపు 3.4 మీటర్లు. దానికి అంగుళం ఫోమ్ అడ్డం పెట్టడమంటే సముద్రపు గాలికి దోమతెర కట్టడమే. సన్నటి శబ్దాల్ని మాత్రం మింగేసి, లావు శబ్దాల్ని వదిలేస్తుంది. విన్నవాడికి చెవిలో దూది పెట్టుకున్నట్టుంటుంది.

ప్లాంట్ అలవాటు ఎక్కడికి పోతుంది, రాలిన ముక్క ఒకటి పెరట్లో పెట్టి లైటర్ చూపించాను. రెండు క్షణాల్లో అంటుకుని, బొట్లు బొట్లుగా కారుతూ నల్లటి పొగ. మిగతావన్నీ ఆ సాయంత్రమే పీకేశాను. ఆ తర్వాత రాక్‌వూల్ ముక్కకీ అదే పరీక్ష పెట్టాను. దారాల్ని పట్టి ఉంచే జిగురు కాస్త గోధుమ రంగుకి తిరిగింది, అంతే. రాయిని కరిగించి తీసిన దారం, లైటర్‌కి లొంగుతుందా.

ఆటోనగర్‌లో ఇన్సులేషన్ సామాను దొరికే కొట్లు నాకు కొత్త కాదు. ఒకదానికి వెళ్లి పలకలు కావాలంటే, కుర్రాడు “పైపుకా సార్, బాయిలర్‌కా?” అన్నాడు.

“పాటలకి.”

“పాటలకేటి సార్!” అని లోపలున్న ఓనర్ని పిలిచాడు. ఓనరు 64 డెన్సిటీ, అంటే ఘనపు మీటరుకి 64 కిలోల సరుకు, ఉందన్నాడు, రేటూ దానికి తగ్గట్టే చెప్పాడు. నా సంచిలో స్ప్రింగ్ త్రాసు ఉంది. ఈ లెక్క కొనేవాళ్లందరికీ పనికొస్తుంది: పలక పొడవు ఒక మీటరు, వెడల్పు 600 మిల్లీమీటర్లు, మందం 50. మూడూ గుణిస్తే 0.03 ఘనపు మీటరు. 64 డెన్సిటీ అయితే పలక 1.92 కిలోలు తూగాలి, 48 అయితే 1.44. రెండు పలకలు తాడు కట్టి వేలాడదీశాను. ఒకటి కిలో నాలుగొందలు, రెండోది కిలోన్నర. “స్టాకు మారిపోయినట్టుంది సార్” అన్నాడాయన, ముఖం తిప్పుకుని. అక్కడ కొనలేదు. రెండో కొట్లో సరుకే లేదు. మూడో కొట్లో ఆయన 48ని 48 అనే చెప్పి అమ్మాడు, పలక 190 రూపాయలు. ఇరవై తీసుకున్నాను.

తమాషా ఏమిటంటే నాకు కావలసింది మొదట్నించీ 48 రకమే. గట్టిగా ఒత్తిన పలకైతే శబ్దాన్ని ఎక్కువ మింగుతుందని చాలామంది అనుకుంటారు. నాలుగంగుళాల మందం వేసేటప్పుడు మరీ గట్టిదైతే గాలి లోతుగా దూరదు, కొంత శబ్దం గోడకి తగిలినట్టే వెనక్కి వస్తుంది. కానీ 64 రేటు పెట్టి 48 కొనడం మాత్రం నా వల్ల కాదు.

ఫ్రేములకి పోర్టు నుంచి వచ్చే పాత ప్యాలెట్ల పైన్ చెక్క కొన్నాను. తేలిక, చవక. మేకులు పీకించుకోవడమొక్కటే విసుగు. మేస్త్రి రెండు రోజుల్లో 11 ఫ్రేములు కొట్టేశాడు. పనిమంతుడు, కాకపోతే ఎందుకు చేస్తున్నాడో అర్థం కాక మొదటి రోజంతా నన్ను అదోలా చూశాడు. రెండో రోజు నేను కుర్చీలో కూర్చుని, ఆయన చేతికి అద్దం ఇచ్చి, పక్క గోడ వెంట మెల్లగా జరపమన్నాను. కుర్చీలోంచి అద్దంలో స్పీకరు ఎక్కడ కనపడితే, శబ్దం అక్కడ గోడకి తగిలి నా చెవికి వస్తున్నట్టు లెక్క. అక్కడ పెన్సిల్ గీత. అంతే, మేస్త్రికి హుషారొచ్చింది. “ఇటు కూడా సూద్దాం సార్” అని ఆయనే రెండో గోడకి పరిగెత్తాడు.

పక్క గోడలకి రెండేసి పలకలు, రెండంగుళాల మందంవి. గోడకి ఆనించకుండా వెనక మరో రెండంగుళాలు ఖాళీ వదిలాను. ఆ ఖాళీ వల్ల పలక ఇంకొంచెం లావు శబ్దాల్ని కూడా పట్టుకుంటుంది. నా లాభం ఇంకోటి కూడా ఉంది. తడిసిన ల్యాగింగ్ (పైపుకి చుట్టిన ఇన్సులేషన్) కింద పైపు ఎలా తుప్పు పడుతుందో ఏళ్ల తరబడి చూసినవాణ్ని, వానాకాలంలో మన గోడలు ఎలా చెమరుస్తాయో తెలిసినవాణ్ని. వెనక గాలి ఆడాలి. వెనక గోడకి మూడు, జంట పలకలు కలిపి నాలుగంగుళాల మందం. ముందు మూలలు రెండింటిలోనూ, మూలకి అడ్డంగా ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి రెండేసి, అవీ నాలుగంగుళాలవే. మొత్తం 18 పలకలు పట్టాయి, రెండు మిగిలాయి.

గుడ్డ దగ్గర మళ్లీ దెబ్బతిన్నాను. నోటికి ఆనించి ఊదితే ఊపిరి అవతలికి పోవాలి, అలాంటి గుడ్డలోంచే శబ్దమూ లోపలికి పోతుంది. గోనెపట్ట ఆ పరీక్షలో ఫస్టు క్లాసు. మా నాన్న చిట్టివలస జూట్ మిల్లులో చేసేవాడు, గోనె అంటే నాకు ఇష్టం కూడా. 900 పెట్టి కొని బిగించాను. చూడ్డానికి బ్రహ్మాండం. ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టేసరికి గదంతా రేషన్ గోడౌన్ వాసన. ఒక పలక కింది అంచున తెల్లగా బూజు. స్టేపుల్ పిన్నులన్నీ పీకి, పల్చటి నేత దుప్పట్లు కొని మళ్లీ బిగించాను, 1,700 అయింది. పొందూరు ఖద్దరు అయితే ఊపిరి ఇంకా బాగా ఆడుతుంది గానీ, రాక్‌వూల్‌కి పొందూరు ఖద్దరు కడితే మా ఆవిడ నన్ను ఇంట్లో ఉండనివ్వదు.

గుడ్డ లోపల పలకని సంచులకి వాడే పల్చటి నాన్‌వోవెన్ గుడ్డతో చుట్టి తీరాలి. అది మానేస్తే నూగు రాలుతుంది. కోసేటప్పుడు ఎన్95 మాస్కు, పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్. పని మేడ మీద ఆరుబయట చేయండి, గదిలో వద్దు. అయ్యాక చన్నీళ్లతో కడుక్కోండి, రుద్దకండి. ఇంత తెలిసిన నేనే ఒక పలకని గ్లవ్స్ లేకుండా సర్ది, రాత్రంతా మోచేతులు గోక్కున్నాను.

ఇక ఫలితం. మేనల్లుడు యూమిక్-1 అనే కొలతల మైకు తెచ్చి, ల్యాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందూ తర్వాతా కొలిచాడు. మధ్య స్థాయి శబ్దాలు ఆరిపోవడానికి ముందు 1.3 సెకన్లు పట్టేది, ఇప్పుడు 0.5. గోడల మీద ఈ పలకలు చూసి మా ఆవిడ మొదట్లో “ఏటండీ ఇది, పరుపుల కొట్టా?” అంది. హార్వర్డ్‌లో సబైన్ అనే ఫిజిక్స్ మాస్టారు 1890ల్లో సరిగ్గా ఆ పనే చేశాడని చెప్పాను. రాత్రిళ్లు నాటకశాల నుంచి కుర్చీల దిండ్లు మోయించి, లెక్చర్ హాల్లో పరిచి, మోత ఎంతసేపట్లో ఆరుతోందో కొలిచేవాడట. ఈ లెక్కలన్నీ అక్కణ్నుంచి వచ్చినవే. “ఆయన పెళ్లాం ఏమంది?” అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

చెవికి తెలిసింది చెబుతాను. వయొలిన్ ఇప్పుడు ఒకచోట నిలబడి పలుకుతోంది. పక్కన మృదంగం ఎంత దూరంలో ఉందో తెలుస్తోంది. ఎడమ వైపు గుంకీ, అంటే ఆ జారే లావు నాదం, మొదలవడమూ ఆగడమూ విడివిడిగా వినిపిస్తున్నాయి, ఇంతకు ముందు అదంతా ఒకే ముద్ద.

లోటు లేదా అంటే ఉంది. గది వెడల్పూ ఎత్తూ రెండూ పదడుగులే కావడంతో, రెండింటి మోతా 56 హెర్ట్జ్ దగ్గరే పోగుపడుతుంది. బేస్ గిటార్‌లో ఒక తీగ ఉత్తినే మీటితే పలికే స్థాయి 55. సినిమా పాటల్లో ఆ స్వరం వచ్చినప్పుడల్లా కిటికీ అద్దం కూడా వంత పాడేది. నాలుగంగుళాల పలకలు అంత లావు శబ్దాన్ని పెద్దగా ఏమీ చేయలేకపోయాయి. మేలు చేసింది పైసా ఖర్చు లేని పని: వెనక గోడకి ఆనుకుని ఉన్న కుర్చీని రెండున్నర అడుగులు ముందుకి లాగాను. నిజం చెప్పాలంటే ముందు ఇదే చేసి ఉండాల్సింది. స్లాబుకి పలకలు వేలాడదీయలేదు, నడిమధ్యన ఫ్యాను ఉంది. మేలో విశాఖలో ఫ్యాను ఆపి పాట వినగలిగేవాడెవడో నాకు తెలియదు.

ఇంకో మాట, దీన్ని సౌండ్ ప్రూఫ్ అనుకుని చేయించుకోకండి. గది లోపలి మోత తగ్గుతుంది గానీ, హైవే మీద లారీ హారన్లు, పక్కింటి కుక్కర్ విజిల్, వీధి చివర గుడి మైకు అన్నీ యథాతథం. అది ఆపాలంటే గోడా తలుపూ బరువుగా, సందు లేకుండా ఉండాలి, అది వేరే ఖర్చు.

ఖర్చు: పలకలు 3,800, చెక్క 2,600, మేస్త్రికి 2,000, దుప్పట్లు 1,700, స్క్రూలూ పిన్నులూ నాన్‌వోవెన్ గుడ్డా 600. మొత్తం 10,700. నా తెలివితక్కువతనానికి ఫోమూ గోనే కలిపి మరో 3,300. పలకలకి ఐదుకి నాలుగున్నర, మేస్త్రికి ఐదుకి ఐదు, ఫోమ్‌కి సున్నా ఇస్తాను.

వచ్చే నెల వెనక మూలలకి కూడా కట్టిద్దామని ఉంది. రెండు పలకలు చేతిలో ఉన్నాయి, ఇంకో ఆరు కావాలి. మొన్న ఆ మొదటి కొట్టు ముందు నుంచి వెళ్తుంటే కుర్రాడు గుర్తుపట్టి, “పాటల సార్, సరుకొచ్చింది” అని కేకేశాడు. “త్రాసు ఉందా?” అన్నాను. “మీది తెచ్చుకోండి సార్” అన్నాడు.