పాత బుల్లెట్ కొంటున్నారా? పెట్రోల్ కాక్ తెరిచి పది నిమిషాలు చూడకుండా డబ్బులివ్వకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత బుల్లెట్ కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివి బయల్దేరండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను.

పోయిన నెల విజయనగరంలో 1987 మోడల్ బుల్లెట్ 350 కొన్నాను. పాత ఇనుప ఇంజిన్, కుడికాలి గేరు. నేను వెళ్లేసరికి బండి తుడిచి సెంటర్ స్టాండ్ వేసి ఉంచారు. అమ్మే ఆయన ఇంజిన్ లోపలి ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ నొక్కి, ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకి తెచ్చి ఒక్క కిక్కు కొట్టాడు. వెంటనే అందుకుంది. ఆ చప్పుడుకే మనసు పడిపోయింది. నేను ఒక రౌండు వేసి దిగగానే ఆయన వంగి పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోలు వదిలే కుళాయి) కట్టేశాడు. అలవాటేమో అనుకున్నాను. అసలు మోసం అక్కడే ఉంది.

నాతవలస దగ్గర హైవే ఎక్కి, ఎచ్చెర్లలో టీకి ఆగాను. కాక్ కట్టలేదు. టీ తాగి వచ్చేసరికి గేర్‌బాక్స్ మీద పెట్రోలు చుక్కలు చుక్కలుగా పడుతోంది, కింద మట్టి అరచేయంత మేర తడిసింది. కార్బరేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కి పంపేది) అడుగున పెట్రోలు నిలిచే కప్పు అంచున వేలు పెడితే నల్లటి పేస్టు మెత్తగా ఊడి వచ్చింది. ప్యాకింగ్ మార్చాల్సిన చోట పేస్టు పూసి మూశారు. ఫోన్ చేస్తే "పాత బండి కదా, అలాగే ఉంటాది" అని పెట్టేశాడు.

రెండో దెబ్బ శ్రీకాకుళంలో తగిలింది. ఒక స్పేర్‌పార్ట్స్ షాపులో చూపిస్తే, బండి దగ్గరికైనా రాకుండా "కార్బరేటర్ పోయింది, మార్చేయండి" అన్నారు. ఒరిజినల్ అని చెప్పి 2,700 తీసుకున్నారు. రెండో రోజు సాయంత్రం బండి వరండాలో ఉంది. ఘాటైన వాసన వస్తే బయటికొచ్చి చూశాను. పెట్రోలు గచ్చు వాలు వెంట సన్నటి గీతలా పాకి, తులసికోట వైపు వెళ్తోంది. అక్కడ అమ్మ పెట్టిన దీపం వెలుగుతోంది. దానికీ దీపానికీ మూడడుగులు ఉంటాయేమో. దీపం కొండెక్కించి, కాక్ కట్టి, బండిని వీధిలోకి తోసేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తర్వాత ఆమదాలవలసలో ఒక పాత మెకానిక్ రెండు కార్బరేటర్లూ విప్పి పక్కపక్కన పెట్టాడు. కొత్తదానిలో జెట్ల (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) మీద నంబర్లే లేవు, యాక్సిలరేటర్‌తో పైకీ కిందికీ కదిలే స్లైడు లోపల గలగలా కొట్టుకుంటోంది. డూప్లికేట్. పాతదానిలో ఫ్లోట్ నీడిల్ (పెట్రోలు దారి మూసే సూది) కొన మీద గుండ్రంగా గాటు పడింది, కప్పు అడుగున ఎర్రటి తుప్పు పొడి ఉంది. అంతే. "సూది పోతే కార్బరేటరే మార్చీసినావేటి బాబూ?" అన్నాడు. కొత్త నీడిల్, అది కూర్చునే సీటు, ప్యాకింగ్ వేశాక ఆ పాత కార్బరేటరే ఇప్పుడు నడుస్తోంది.

ఇది అర్థం చేసుకుంటే మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు. ట్యాంకు నుంచి పెట్రోలు తన బరువుకే కిందికి దిగుతుంది. కప్పు నిండేకొద్దీ అందులో ఉండే ఫ్లోట్ (తేలే బుడగ) పైకి తేలి, నీడిల్‌ని నెట్టి దారి మూయాలి. నీడిల్ అరిగినా, మధ్యలో నలుసు ఇరుక్కున్నా, ఫ్లోట్‌కి చిల్లిపడి బరువెక్కినా దారి మూసుకోదు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది కాబట్టి చిన్న లీకు బయటపడదు. ఆపి, కాక్ తెరిచి ఉంచితేనే తెలుస్తుంది. పైగా ఇవి గాలికి చల్లబడే ఇంజిన్లు. బండి ఆగితే గాలి తగలక వేడంతా కార్బరేటర్‌కి ఎక్కుతుంది, చల్లగా ఉన్నప్పుడు కారనిది అప్పుడు కారొచ్చు. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఐదారు కిలోమీటర్లు తిప్పాక ఇంకోసారి, కింద పాత పేపరు పరిచి పది నిమిషాలు చూడండి. కాక్ ముట్టుకోవద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి.

ఇంజిన్ ఆయిల్ మూత తీసి వాసన కూడా చూడండి. పెట్రోలు వాసన కొడితే చాలాకాలంగా పొంగి లోపలికి దిగుతోందన్నమాట. ఆయిల్ పలచబడితే బేరింగులు, పిస్టన్ అరిగిపోతాయి. ఆ ఖర్చుతో పోలిస్తే కార్బరేటర్ ఖర్చు ఏపాటిది?

విప్పించినప్పుడు పక్కనే నిలబడండి. కార్బరేటర్ తుడిచి, తిరగేసి, పెట్రోలు వచ్చే గొట్టానికి శుభ్రమైన పైపు పెట్టి ఊదితే గాలి పోకూడదు. మామూలుగా తిప్పితే పోవాలి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు కదిలే చప్పుడు రాకూడదు. ట్యాంకు తుప్పు కడిగించకుండా కొత్త నీడిల్ వేయిస్తే నెలలోపే మళ్లీ అదే కథ. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపులు, ప్యాకింగులు దానికి ఉబ్బిపోతాయి. అవి కూడా ఒకేసారి మార్పించేయండి.

లీకు ఆగేదాకా మాత్రం బండిని ఇంట్లో పెట్టకండి. కాక్ కట్టి, దీపాలకి, గ్యాస్ పొయ్యికి దూరంగా ఆరుబయట పెట్టండి. కారుతున్నప్పుడు కిక్కు కొట్టి చూద్దామనుకోవద్దు, స్పార్క్ వచ్చే పాయింట్ల డబ్బా కార్బరేటర్‌కి దగ్గర్లోనే ఉంటుంది.