మిస్టర్, పాకెట్, అసలు మెషీన్: మొరాయించినప్పుడు ఏది మేలు?

పాత గేమ్ మెషీన్లను మళ్లీ ఆడాలనుకునేవాళ్లు కొనేముందు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఏది అసలుకు దగ్గరగా ఉంటుంది? దేంట్లో ఎక్కువ గేములు నడుస్తాయి? నేనూ అవే అడిగి, అవే చూసుకుని కొన్నాను. కొన్నేళ్లు వాడాక మాత్రం, వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని గట్టిగా అనిపిస్తోంది. ఇది మొరాయించిన రోజు, తప్పు ఎక్కడుందో నా అంతట నేను పట్టుకోగలనా?

ఏదో ఒక రోజు మొరాయించడం మాత్రం ఖాయం. తెర నల్లగా ఉండిపోతుంది, లేదా శబ్దం రాదు, లేదా నిన్న సేవ్ చేసిన ఆట ఇవాళ కనిపించదు. ఆ పూట పడే టెన్షన్ ఎంతన్నది మనం ఎంచుకున్న మెషీన్‌ను బట్టి ఉంటుంది. అందుకే పాత గేములు ఆడించే కొత్త పరికరాలైన మిస్టర్, అనలాగ్ పాకెట్, వాటితోపాటు అసలు పాత మెషీన్, ఈ మూడింటినీ ఆ ఒక్క కోణంలోనే పోల్చి చూస్తున్నాను.

మొదటి రెండూ ఎఫ్‌పీజీఏ చిప్ మీద నడుస్తాయి. మామూలు ఎమ్యులేటర్‌లో పాత మెషీన్ చేసే పనిని ఒక ప్రోగ్రాం అనుకరిస్తుంది. ఎఫ్‌పీజీఏ అలా కాదు. అది లోపలి లాజిక్ సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు అమర్చుకోగలిగే చిప్. పాత మెషీన్ సర్క్యూట్ ఎలా ఉండాలో చెప్పే ఫైలును కోర్ అంటారు. ఒక కోర్ ఎక్కిస్తే ఆ చిప్ సూపర్ నింటెండో అవుతుంది, ఇంకోటి ఎక్కిస్తే అమీగా కంప్యూటర్ అవుతుంది. హార్డ్‌వేర్ అన్న మాట వినగానే చాలామంది ఇక తప్పే ఉండదనుకుంటారు. కానీ కోర్ కూడా మనుషులు రాసిందే, దాంట్లోనూ బగ్గులు ఉంటాయి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే సగం గందరగోళం తప్పుతుంది.

మిస్టర్: ముక్కలు ఎక్కువ, దారులూ ఎక్కువ

మిస్టర్ ఒక కంపెనీ అమ్మే పెట్టె కాదు. 2017లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. డీఈ10-నానో అనే బోర్డు, దాని మీద గుచ్చే ర్యామ్ బోర్డు, యూఎస్‌బీ హబ్, మెమరీ కార్డు, అడాప్టర్, హెచ్‌డీఎంఐ కేబుల్, కంట్రోలర్ అన్నీ కలిస్తే ఒక మిస్టర్. ఇన్ని ముక్కలున్నచోట ఇన్ని రకాల తప్పులు పుడతాయి, అందుకే దీన్ని తలనొప్పి అనేవాళ్లు చాలామంది. నేను అలా అనుకోను. ముక్కలు విడివిడిగా ఉన్నాయి కాబట్టే ఒక్కోదాన్ని మార్చి చూసి దొంగను పట్టుకోవచ్చు.

నా ర్యామ్ బోర్డు సంగతే చెబుతాను. నియోజియో అనే పాత గేమ్ మెషీన్ గేములు పెడితే బొమ్మల మధ్య చిన్న చిన్న గళ్లుగా చెత్త కనిపించేది. మిగతా కోర్లు చాలావరకు బాగానే ఆడేవి. కాబట్టి నియోజియో కోర్‌లోనే బగ్ ఉందని నమ్మేశాను. మూడు రోజులపాటు పాత తేదీల కోర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూశాను. ఆఖరికి మిస్టర్ కోసమే ఉన్న మెమరీ టెస్ట్ కోర్ నడిపాను. అది ర్యామ్‌లో రాసి, తిరిగి చదివి, తేడా వస్తే తప్పుల లెక్కలో వేస్తుంది. ఆటోలో పెడితే ఎక్కువ వేగంతో మొదలై, తప్పు దొరికినప్పుడల్లా వేగం తగ్గించుకుంటూ పోతుంది. నా బోర్డు మెట్లు దిగినట్టు దిగుతూనే ఉంది. తీసి, పిన్నులు చూసి, సరిగ్గా అదిమి మళ్లీ పెట్టినా అంతే. స్నేహితుడి ర్యామ్ బోర్డు తెచ్చి పెడితే అరగంటయినా ఒక్క తప్పూ పడలేదు. తెర ఫొటో తీసి అమ్మినవాళ్లకు పంపాను, వాళ్లు వేరే బోర్డు ఇచ్చారు. అన్ని కోర్లూ ర్యామ్‌ను ఒకే వేగంతో, ఒకేలా వాడవు. అందుకే బలహీనమైన ర్యామ్ కొన్నిట్లోనే బయటపడి, నేరం ఆ కోర్ మీదికి పోతుంది. బొమ్మ చెదిరినా, గేము మధ్యలో బిగుసుకుపోయినా ముందు ర్యామ్‌ను పరీక్షించాలి, కోర్‌ను అనుమానించడం ఆఖరున.

ర్యామ్ తర్వాత కరెంటు. డీఈ10-నానోకు కావలసింది 5 వోల్టులు. అడాప్టర్ బలహీనంగా ఉంటే మెషీన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, కంట్రోలర్లు ఉన్నట్టుండి తెగిపోతాయి. యూఎస్‌బీ హబ్‌కు వైఫై, బ్లూటూత్, హార్డ్ డిస్కు అన్నీ తగిలించినప్పుడే ఇలా జరుగుతుంటే అనుమానం దాదాపు నిజమే. అవన్నీ పీకేసి ఒక్క కంట్రోలర్‌తో నడిపి చూస్తే తేలిపోతుంది. ఒక హెచ్చరిక మాత్రం మరవకండి. ఈ బోర్డు ప్లగ్ సైజులోనే 12 వోల్టుల అడాప్టర్లు కూడా ఉంటాయి, అవి చక్కగా లోపలికి దూరతాయి. అలా పెడితే బోర్డు పోతుంది. కొన్న రోజే అడాప్టర్ మీద పేరు రాసి చీటీ అంటించండి.

ఇక అందరినీ ఎక్కువగా భయపెట్టేది నల్ల తెర. మెనూ బాగానే కనిపిస్తుంది, గేము మొదలుపెట్టగానే టీవీ సిగ్నల్ లేదంటుంది. ఇది చెడిపోవడం కాదు. మన టీవీలు సెకనుకు సరిగ్గా 60 ఫ్రేములకు అలవాటు పడ్డాయి. పాత మెషీన్లకు ఆ పట్టింపు లేదు. సూపర్ నింటెండో సుమారు 60.1 దగ్గర నడుస్తుంది, గేమ్ బాయ్ 59.7, నియోజియో 59.2. ఐరెమ్ ఎం72 ఆర్కేడ్ బోర్డయితే 55. మిస్టర్ సెట్టింగుల ఫైల్లో వీసింక్ అడ్జస్ట్ అనే వరుస ఉంటుంది. దాన్ని 2లో పెడితే ఆలస్యం తగ్గుతుంది, కానీ మెషీన్ అసలు వేగాన్నే టీవీకి పంపుతుంది. కొన్ని టీవీలు దాన్ని ఒప్పుకోవు. 0కి మారిస్తే తెర తిరిగి వస్తుంది. ఆ కాస్త ఆలస్యాన్ని కనిపెట్టేవాళ్లు తక్కువ.

అదే ఫైల్లో డైరెక్ట్ వీడియో అనే ఇంకో వరుస ఉంటుంది. అది పాత గాజు టీవీల కోసం పెట్టింది. పొరపాటున దాన్ని ఆన్‌లో వదిలేసి మామూలు హెచ్‌డీఎంఐ టీవీకి తగిలిస్తే బొమ్మ రాకపోవచ్చు. రంగులు వెలిసిపోయినట్టు ఉంటే అదే ఫైల్లో హెచ్‌డీఎంఐ లిమిటెడ్ అన్న వరుస చూడాలి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే డీవీఐ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడాలి, ఆ పద్ధతిలో హెచ్‌డీఎంఐ ద్వారా శబ్దం పోదు. ఏం మార్చామో గుర్తులేనంత చిక్కుపడితే ఆ సెట్టింగుల ఫైలు పేరు మార్చేసి మళ్లీ ఆన్ చేయండి. ఫైలు కనపడకపోతే మిస్టర్ తన మామూలు సెట్టింగులతో లేస్తుంది. నాకు ఇది ఎన్నిసార్లు దారి చూపించిందో లెక్కలేదు.

గుండె పగిలేది సేవ్ పోయినప్పుడు. గంటలకొద్దీ ఆడి, గేములోనే సేవ్ చేసి, స్విచ్ తీసేస్తారు. మర్నాడు చూస్తే ఏమీ ఉండదు. కార్డు పాడైందని, కోర్ చెడిందని ఏవేవో అనుకుంటారు. అసలు కారణం చిన్నది. చాలా కోర్లలో గేము చేసిన సేవ్ ముందు మెమరీలోనే ఉంటుంది. ఆటోసేవ్ ఆన్‌లో ఉన్నా, మెనూ తెరిచినప్పుడే అది కార్డు మీదికి వెళ్తుంది. అందుకే ఆపేముందు ఒకసారి మెనూ తెరిచి, రెండు క్షణాలు ఆగి, అప్పుడు స్విచ్ తీయాలి. ఈ ఒక్క అలవాటు చెప్పకుండా ఎవరికీ మిస్టర్ ఇవ్వకూడదు.

గేము మొదలవకుండా నల్లగా ఉండిపోతే పాత మెషీన్ లేవడానికి కావలసిన బయాస్ ఫైలు సరైన ఫోల్డర్లో, సరైన పేరుతో ఉందా చూడండి. ప్లేస్టేషన్ కోర్‌కు బూట్ రోమ్ లేకపోతే, అమీగాకు కిక్‌స్టార్ట్ లేకపోతే ముందుకు కదలవు, అవీ అలాంటి ఫైళ్లే. అప్‌డేట్ చేసిన వెంటనే ఒక గేము చెడితే కోర్ ఫైలు పేరు చివర ఉండే తేదీ చూసి పాతది పెట్టండి. పాతది ఆడి కొత్తది ఆడకపోతే తప్పు కోర్‌దే.

పాకెట్: చాలావరకు గొడవే ఉండదు, వస్తే మాత్రం

అనలాగ్ పాకెట్ 2021 డిసెంబరులో వచ్చింది. చేత్తో పట్టుకుని ఆడేది, తెర, బ్యాటరీ, కంట్రోలర్ అన్నీ ఒకే ఒంట్లో. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్, గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లు నేరుగా పెట్టి ఆడొచ్చు. ర్యామ్ బోర్డు వదులైందేమో, అడాప్టర్ చాలదేమో అన్న ఆలోచనే రాదు. తెర దాంట్లోనే ఉంది కాబట్టి డాక్ అనే స్టాండుతో టీవీకి కలిపితే తప్ప ఫ్రేముల గొడవా లేదు. మిస్టర్‌లో నేను చెప్పిన తప్పుల్లో సగానికి పైగా ఇక్కడ పుట్టనే పుట్టవు. ఇది చిన్న మేలు కాదు.

కార్ట్రిడ్జ్ మొరాయిస్తే ముందు కాంటాక్టులు తుడవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి. నోటితో ఊదడం వద్దు, ఆ తేమ లోహానికి చెరుపు. పాకెట్‌లో సేవ్ పోతే చాలాసార్లు అది పాకెట్ తప్పు కాదు, కార్ట్రిడ్జ్ లోపల ఉన్న పాత బటన్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. మెషీన్ ఎంత కొత్తదైనా కార్ట్రిడ్జ్‌కు వయసు మీద పడింది కదా.

2022 జూలైలో, బయటివాళ్లు కూడా పాకెట్‌కు కోర్లు రాసే వీలిచ్చే ఓపెన్‌ఎఫ్‌పీజీఏ వచ్చాక మెమరీ కార్డు నుంచి వేరే మెషీన్ల కోర్లు కూడా నడుస్తున్నాయి. అక్కడ వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఫోల్డర్లవే. కోర్స్, ప్లాట్‌ఫామ్స్, అసెట్స్ అనే ఫోల్డర్లు మూడూ కార్డు మొదట్లోనే ఉండాలి, బయాస్ ఫైళ్లు అసెట్స్‌లో ఆ మెషీన్ పేరున్న ఫోల్డర్లోకి పోవాలి. అవి సరిగ్గా ఉంటే కోర్లు కుదురుగా నడుస్తాయి.

అక్కడితో మన చేతిలో ఉన్నది అయిపోయింది. కార్డు మార్చాం, కార్ట్రిడ్జ్ తుడిచాం, ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించాం, అయినా కుదరలేదంటే ఇక విడదీసి మార్చి చూడటానికి ఏ ముక్కా లేదు. కార్ట్రిడ్జ్‌లను నడిపే భాగంలో బగ్ ఉంటే కంపెనీ సరిచేసేదాకా ఆగాలి. మిస్టర్‌లో రాత్రంతా కూర్చుంటే పొద్దుటికి జవాబు దొరుకుతుంది. పాకెట్‌లో ఆ రాత్రి నిద్రపోవడమే మంచిది. పైగా పాకెట్‌లోని పెద్ద ఎఫ్‌పీజీఏ చిప్‌లో ఉన్న లాజిక్ ఎలిమెంట్లు, అంటే సర్క్యూట్ అమర్చే చిన్న యూనిట్లు, 49 వేలు, డీఈ10-నానోలో 1,10,000. ప్లేస్టేషన్ లాంటి పెద్ద మెషీన్లు కావాలనుకునేవాళ్లు ఈ తేడా ముందే తెలుసుకోవాలి.

అసలు మెషీన్: రోగం తెలిసినా మందు కష్టం

అసలు మెషీన్‌తో మేలు ఏమిటంటే దాని జబ్బులు ఎప్పుడో అందరికీ తెలిసిపోయాయి. నింటెండో పాత మెషీన్ ఎన్‌ఈఎస్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే, 72 పిన్నుల కనెక్టర్ సరిగా అంటక కార్ట్రిడ్జ్ అసలుదో కాదో చూసే లోపలి లాకౌట్ చిప్ మెషీన్‌ను మళ్లీ మళ్లీ రీసెట్ చేస్తోందని అర్థం. 1989 నాటి గేమ్ బాయ్ ఆన్ చేయగానే లోగో బదులు నల్లటి పట్టీ దిగితే కార్ట్రిడ్జ్ చదవలేకపోతోందని అర్థం. గేమ్ గేర్ శబ్దం తగ్గి తెర మసకబారితే కెపాసిటర్లు కారాయనే అనుకోవచ్చు. అమీగా 500 ప్లస్ కొంటే ముందు మూత తీసి, బోర్డు మీది బ్యాటరీ కారి రాగి గీతలను తినేసిందేమో చూడాలి.

కమొడోర్ 64 విషయంలో నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. దాని పాత అడాప్టర్ చెడితే 5 వోల్టులు రావలసినచోట ఎక్కువ వస్తుంది, ర్యామ్ చిప్పులు కాలిపోతాయి. ఇన్నాళ్లూ బాగానే నడిచిందన్న ధీమాతో ఆ అడాప్టర్ పెట్టకండి. కొత్తగా తయారైన అడాప్టర్ తెచ్చుకున్నాకే స్విచ్ వేయండి. పాతదాన్ని ఒకసారి మల్టీమీటర్‌తో చూసి సరిగ్గా ఉందనుకోవడం కూడా చాలదు, వేడెక్కాక అది మారొచ్చు.

ఇవన్నీ పట్టుకోవడం తేలికే, బాగుచేయడానికే సోల్డరింగ్ రావాలి. విడి చిప్పులు చాలావరకు కొత్తగా తయారు కావడం లేదు. ఒక మెషీన్‌ను బతికించడానికి ఇంకో చచ్చిన మెషీన్ వెతకాల్సిన పరిస్థితి. చేయి తిరిగినవాళ్లకు ఇందులో ఉన్నంత ఆనందం మిగతా రెండిట్లో దొరకదని నేను నిజంగా నమ్ముతాను. మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేవాళ్లు మాత్రం అరుదైన బోర్డు మీద నేర్చుకోకూడదు.

ఏది తీసుకున్నా పక్కన కంప్యూటర్‌లో ఒక మామూలు ఎమ్యులేటర్ పెట్టుకోండి. మిస్టర్‌లో గానీ పాకెట్‌లో గానీ ఒక గేము ఒకేచోట ఆగిపోతుంటే అదే ఫైలును అందులో నడపండి. అక్కడా అదేచోట ఆగితే ఫైలే చెడ్డదై ఉంటుంది, అక్కడ సాఫీగా నడిస్తే మెషీన్‌ వైపు చూడాలి. రెండు నిమిషాల పని.

ఇంటినిండా కార్ట్రిడ్జ్‌లు ఉండి, సెట్టింగుల జోలికి పోవడం ఇష్టం లేనివాళ్లకు పాకెటే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. సోల్డరింగ్ వచ్చినవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్ల బల్ల మీద అసలు మెషీన్ ఈపాటికే ఉంటుంది. మిగతా అందరికీ, అంటే తప్పు ఎక్కడుందో తెలియకపోతే నిద్రపట్టని నాలాంటివాళ్లకు, మిస్టర్. ఇవాళ మళ్లీ ఒక్కటే కొనుక్కోమంటే 128 ఎంబీ ర్యామ్ బోర్డుతో అదే కొంటాను. మొదటి రాత్రి ఒక్క గేమూ పెట్టకుండా, మెమరీ టెస్ట్ నడుస్తుండగా వదిలేసి పడుకుంటాను.