ఫైవ్ స్టార్ హోటలా, ఆర్ట్ బొటీక్ హోటలా: హైదరాబాద్‌లో ఏది మేలు?

డిసెంబర్ దగ్గర పడితే చాలు, మా చుట్టాల్లోనూ ఆఫీసులోనూ ఇదే ప్రశ్న. పెళ్ళిరోజుకి ఊళ్ళోనే రెండ్రోజులు ఎక్కడైనా ఉందామనుకుంటున్నాం, పెద్ద ఫైవ్ స్టార్‌కి పోదామా, లేక బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ సందుల్లో గోడల నిండా పెయింటింగులు పెట్టుకుని ఉంటాయే ఆ చిన్న బొటీక్ హోటళ్ళకా అని. అందరికీ విడివిడిగా ఫోన్లో చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. స్విమ్మింగ్ పూల్, స్పా, బఫేలో ఎన్ని రకాలు, ఇవన్నీ బుకింగ్ యాప్‌లోనే కనిపిస్తాయి కాబట్టి వాటి జోలికి పోను.

ముందు ఫలక్‌నుమా సంగతి, ఎందుకంటే ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు. నిజాంల కాలంలో పైగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా కట్టించుకున్న ప్యాలెస్, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికెళ్ళింది, 2010లో తాజ్ వాళ్ళు హోటల్‌గా తెరిచారు. రూములు అరవై మాత్రమే, డైనింగ్ టేబులేమో 101 మంది ఒకేసారి కూర్చునేంత. లగ్జరీకి లగ్జరీ, ఆర్ట్‌కి ఆర్ట్, సైజు చూస్తే బొటీకే, అందుకే దీన్ని ఈ పోటీలోంచి తీసేస్తున్నా. డబ్బుంటే కళ్ళు మూసుకుని వెళ్ళండి, లేకపోతే ముందే బుక్ చేస్కొని హై టీకి వెళ్ళి చూసి రండి. పాతబస్తీ అవతల కొండ మీద ఉంది కాబట్టి మధ్యలో హైటెక్ సిటీలో పని పెట్టుకున్నారో, సాయంత్రమంతా కార్లోనే.

ఇక మామూలు ఫైవ్ స్టార్లు. బంజారాహిల్స్‌లో తాజ్ కృష్ణా, పార్క్ హయత్, దుర్గం చెరువు దగ్గర ఐటీసీ కోహినూర్, ఇలాంటివి. వీటిల్లో పరుపులూ బాత్రూములూ అన్నీ బావుంటాయి, వంక పెట్టేదేం లేదు. నాకున్న కంప్లయింట్ ఒక్కటే, మన ఊళ్ళో పెద్ద హోటల్ అంటే సగం కళ్యాణ మండపం. ముహూర్తాలున్న రోజు దిగారంటే లాబీలో బంధువులు, లిఫ్టులో పట్టుచీరలు, పొద్దున్న బ్రేక్‌ఫాస్ట్‌లో దోసె కౌంటర్ ముందు క్యూ, రాత్రి బారాత్ డీజే సరేసరి. అందుకే బుక్ చేసే ముందు యాప్ కాదు, పంచాంగం చూడమంటా. ఆషాఢం, పుష్యం, మూఢం, ఇలాంటప్పుడు మనవాళ్ళ పెళ్ళిళ్ళు ఉండవు కదా, అదే హోటల్ ప్రశాంతంగా ఉంటుంది, రేటు కూడా కాస్త దిగే ఛాన్సుంది. డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం మొదలయ్యాక పెళ్ళిళ్ళ గోల తగ్గుద్ది గానీ వెనకాలే న్యూ ఇయర్ రేట్లు వచ్చేస్తాయి, ఆ మధ్యలో ఉండే కొద్ది రోజులే మీకు పనికొచ్చేవి.

బొటీక్ హోటళ్ళకొస్తే, మనసులో మాట చెప్పేస్తా, ఇద్దరే అయితే నాకు ఇవే ఇష్టం. కాకపోతే ఆర్ట్ అని బోర్డు పెట్టినవన్నీ ఆర్ట్ కాదు. తోట వైకుంఠం గారి బొమ్మల్లో పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ళుంటారే, వాటి ప్రింట్లు ఫ్రేమ్ కట్టించి నాలుగు గోడలకి తగిలిస్తే అది డెకరేషన్. ఎర్రటి నేల మీద చేత్తో వేసిన చేర్యాల పటం ఉందా, రిసెప్షన్‌లో ఉన్న బిద్రీ కూజా నిజంగా వెండి పొదిగిందా, ఏ బొమ్మ ఎవరు వేశారో అక్కడ పనిచేసే కుర్రాడు చెప్పగలడా, నేను చూసేది ఇవీ. చెప్పగలిగితే ఆ ఓనర్‌కి నిజంగా ఇష్టం ఉన్నట్టు, ఆ ఇష్టం దుప్పట్లోనూ కాఫీలోనూ కూడా తెలిసిపోద్ది.

అయితే నా లెక్కలో ఇదీ అసలు పాయింట్ కాదు, పెళ్ళిళ్ళ గోల కూడా కాదు. రాత్రి పదకొండు దాటాక ఆ హోటల్లో ఎవరు మేలుకుని ఉంటారు అన్నదే. పగలు ఏ హోటలైనా బానే ఉంటుంది. అర్ధరాత్రి ఏసీలోంచి నీళ్ళు కారితే? మా పెద్దమ్మా పెదనాన్నా దిగిన ఒక చిన్న హోటల్లో రాత్రి మాత్రలకి వేడినీళ్ళు కావాలంటే కిచెన్‌కి తాళం, రిసెప్షన్‌లో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు, పాపం ఆయనే తన ఫ్లాస్కులోంచి పోసిచ్చాడు. మనిషి మంచోడే, కానీ ఆ టైంలో పెద్దాయనకి గుండెలో నొప్పొచ్చుంటే ఏం చేసేవాళ్ళమని ఇప్పటికీ అనిపిస్తది. ఫైవ్ స్టార్‌లో ఆ టైంలో డ్యూటీ మేనేజర్ ఉంటాడు, కిచెన్ నడుస్తుంటుంది, డాక్టర్ని పిలిపిస్తారు. మీరు కట్టే ఎక్స్‌ట్రా డబ్బు పాలరాతికీ షాండిలియర్‌కీ కాదండీ, ఈ నైట్ షిఫ్ట్‌కి.

అందుకే బొటీక్ నచ్చితే బుక్ చేసే ముందు రోజు రాత్రి పదకొండున్నరకి ఆ హోటల్‌కే డైరెక్టుగా ఫోన్ చేయండి, ఇప్పుడు పెరుగన్నం దొరుకుద్దా అని అడగండి. ఎత్తి, ఉందనో, లేదు గానీ తెప్పిస్తామనో చెప్తే నిశ్చింతగా వెళ్ళండి. రింగై రింగై కట్టయిందా, ఎంత మంచి బొమ్మలున్నా అమ్మానాన్నల్నీ చంటిపిల్లల్నీ తీసుకెళ్ళొద్దు. ఇద్దరే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, ఒకటి రెండు రాత్రులకైతే పర్లేదు, ఆ మాత్రం రిస్కు నేనే తీసుకుంటా.

రెండూ కావాలనేవాళ్ళకి సోమాజిగూడలో ది పార్క్ ఉంది. 2010లో తెరిచారు, డిజైన్ అమెరికా కంపెనీ ఎస్‌ఓఎం వాళ్ళది, బయటి మెటల్ జాలీని నిజాం నగల స్ఫూర్తితో చేశారు, హుస్సేన్ సాగర్ వైపు రూము దొరికితే వ్యూ అదిరిపోద్ది. పెద్ద హోటలే కాబట్టి రాత్రి స్టాఫ్ ఉంటారు, అయితే చిన్న హోటల్లో ఓనరే వచ్చి పలకరించే ముచ్చట మాత్రం ఇక్కడ ఆశించకండి.

సర్వీస్ అపార్ట్‌మెంట్లు, హోమ్‌స్టేలు వారం పైన ఉండేవాళ్ళకి, మనకి అనవసరం.

రేటు దగ్గర ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 వరకు ఉన్న రూముకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 7,400 రూము 7,770 పడుద్ది, 8,000 రూము 9,440 అవుద్ది. చూడ్డానికి తేడా ఆరొందలే, కట్టేటప్పుడు దాదాపు పదిహేడొందలు. బొటీక్‌లు చాలావరకు ఈ గీత దగ్గరే తిరుగుతుంటాయి, కాబట్టి ట్యాక్స్ కలిపి ఎంతో చెప్పమనండి, ఎనిమిది వేలంటే కాస్త తగ్గించి 7,500కి ఇవ్వమని కూడా అడగండి, సీజన్ కాకపోతే చాలామంది ఒప్పుకుంటారు.