మటన్ రా ఫుడ్ ప్యాకెట్లో కోడి మెడలు: కుక్కకి చికెన్ పడనివాళ్లు జాగ్రత్త

హైదరాబాద్‌లో ఇన్‌స్టాగ్రామ్ పేజీలు, వాట్సాప్ గ్రూపుల ద్వారా కుక్కలకి ఫ్రోజెన్ రా ఫుడ్ (వండని పచ్చి మాంసం) తెప్పించుకునేవాళ్లందరూ ఇది చదవండి. ముఖ్యంగా మీ కుక్క పొట్ట సున్నితమైతే ఆర్డర్ పెట్టే ముందు చదవండి.

మా బ్రౌనీ నాలుగేళ్ల ల్యాబ్రడార్ కుక్క. దానికి చికెన్ పడదు. తింటే మోషన్స్, చెవులు ఎర్రబడి ఒకటే గోక్కోవడం. డాక్టరు గారు ఎలిమినేషన్ డైట్ (అనుమానమున్న పదార్థాలు మాన్పించి, ఏది పడదో చూడటం) పెట్టించి మరీ తేల్చిన సంగతి ఇది. అందుకే ఆర్డర్‌కి ముందే సెల్లర్‌ని అడిగాం. "వంద శాతం మటనే అండీ, చికెన్ వాసన కూడా ఉండదు" అని వాట్సాప్‌లో రాసిచ్చాడు. పాత ఫుడ్‌లో కొద్దికొద్దిగా కలుపుతూ మొదలుపెట్టాం. సగం పాళ్లకి రాకముందే వాంతులు, జిగురుగా మోషన్స్, ఆ తర్వాత రక్తం చారలు.

మిగిలిన ప్యాకెట్ కరిగించి స్టీలు పళ్లెంలో పరిచి చూశాం. ఖీమా మధ్యలో పాలిపోయిన పసుపు రంగు తోలు ముక్కలు, వాటి మీద ఈకలు పీకిన చోట ఉండే బుడిపెలు! మటన్‌లో అవి ఎక్కడినుంచి వస్తాయి? ఫోటో తీసి పంపితే వచ్చిన జవాబు: "బోన్ పర్సెంటేజ్ కోసం కొంచెం చికెన్ నెక్స్ వేస్తాం, అందరూ వేస్తారు."

అందరూ వేస్తారో లేదో నాకు అనవసరం. ఎందుకు వేస్తారో మాత్రం తెలుసుకోండి. రా ఫుడ్‌లో ఎక్కువగా చెప్పే లెక్క 80-10-10. అంటే 80 శాతం మాంసం, 10 శాతం ఎముక, 10 శాతం లివర్ లాంటి అవయవాలు. మేక ఎముక గట్టిది, మామూలు ఖీమా మెషిన్‌లో నలగదు. కోడి మెడలు మెత్తగా నలుగుతాయి, పైగా చవక. కాబట్టి "ఇందులో ఏ మాంసం ఉంది" అని అడిగితే సరిపోదు. "ఎముక ఏ జంతువుది, లివర్ ఏ జంతువుది" అని విడివిడిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. మోషన్స్ మొదలయ్యాయని చెప్పగానే అతను, "అది డిటాక్స్ అండీ, పాత డ్రై ఫుడ్ విషం బయటికి పోతోంది, ఆపకండి, కంటిన్యూ చేయండి" అన్నాడు. ఈ మాట దయచేసి ఎవరూ నమ్మకండి. డిటాక్స్ అనేదేమీ లేదు. ఫుడ్ మారినప్పుడు ఒకటి రెండు సార్లు మోషన్ కాస్త లూజుగా అవ్వొచ్చు. కానీ వాంతులు, రక్తం, జిగురు, తిండి మానేయడం, నీరసం కనిపిస్తే ఫుడ్ ఆపేసి అదే రోజు వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. ముందుకాళ్లు నేలకి ఆనించి వెనక భాగం పైకి లేపి అదే పనిగా నిలబడుతుంటే కడుపునొప్పి అన్నమాట, పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) కావొచ్చు. చిగుళ్లు తడి ఆరిపోయి వేలికి అంటుకుంటుంటే ఒంట్లో నీరు తగ్గిపోతోందని గుర్తు. బ్రౌనీకి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు గారన్నారు. ఇప్పుడు కోలుకుంది, పాత ఫుడ్డే తింటోంది.

ప్యాకింగ్ సంగతి కూడా చూడండి. మాకు మిట్టమధ్యాహ్నం ఎండలో బైక్ మీద, ఐస్ ప్యాక్ లేని థర్మోకోల్ డబ్బాలో వచ్చింది. ప్యాకెట్ అడుగున ఎర్రటి నీళ్లు పలకలా గడ్డకట్టి ఉన్నాయంటే మధ్యలో కరిగి మళ్లీ ఫ్రీజ్ అయిందని అనుమానించాలి. తయారీ తేదీ లేదు, బ్యాచ్ నంబర్ లేదు. ఫ్రీజర్‌లో పెడితే బ్యాక్టీరియా చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా గడ్డకట్టినా బతికే ఉంటుంది, కరగగానే మళ్లీ పెరుగుతుంది. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2010-12 మధ్య చేసిన పరీక్షల్లో 196 రా పెట్ ఫుడ్ శాంపిళ్లలో 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా అనే మరో హానికర బ్యాక్టీరియా దొరికాయి. కుక్క పైకి బాగానే ఉండి కూడా మలంలో సాల్మొనెల్లాని వదలగలదు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే మరీ ఆలోచించండి.

లేబుల్ మీద ఫ్యాట్ 12 శాతం అని ఉంటే తక్కువే కదా అనుకోకండి. ఆ ఫుడ్ మొత్తంలో దాదాపు 70 శాతం నీళ్లే. నీళ్లు తీసేసి లెక్కేస్తే మిగిలిన 30లో 12, అంటే 40 శాతం కొవ్వు. పొట్ట సున్నితమైన కుక్కకి, అందులోనూ ముందెప్పుడైనా పాంక్రియాటైటిస్ వచ్చినదానికి, అంత కొవ్వు చాలా ప్రమాదం.

రా ఫుడ్ పెట్టి సంతోషంగా ఉన్నవాళ్లతో నాకు గొడవ లేదు. కానీ పొట్ట బాగోలేని కుక్కకి అదే మందు అన్నట్టు అమ్ముతున్నారు చూడండి, నా బాధంతా దాని గురించే. అసలు జబ్బేంటో తేలకుండా మార్చకండి. ముందు వెట్‌తో మాట్లాడండి, మోషన్ టెస్ట్ చేయించండి.

డబ్బులు వెనక్కి అడిగేసరికి ఆ సెల్లర్ నన్ను బ్లాక్ చేశాడు. చాట్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు, వెట్ బిల్లులు, ఫోటోలు అన్నీ పెట్టి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. మీకూ ఇలాంటిది జరిగితే మిగిలిన ప్యాకెట్ పారేయకండి. రెండు కవర్లలో చుట్టి, లేబుల్ కనబడేలా ఫ్రీజర్‌లో విడిగా ఉంచండి. ల్యాబ్‌కి పంపాలన్నా, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలన్నా అదే ఆధారం.