లెక్సస్ ఐఎస్ ఎఫ్: పేరు ఇంజన్‌ది, పనితనం గేర్‌బాక్స్‌ది

లెక్సస్ ఐఎస్ ఎఫ్ గురించి ఎవరు రాసినా 5 లీటర్ల వీ8 ఇంజన్ దగ్గరే మొదలుపెడతారు. దానికి ఆ మర్యాద దక్కాల్సిందే. కానీ కొత్త మోజు తీరిపోయి, బండి రోజువారీ పనుల్లో కలిసిపోయాక నాకు ఎక్కువగా నచ్చింది దాని వెనక ఉన్న ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. ఈ కారులో మిగతావన్నీ పాతబడ్డాయి, అది మాత్రం పాతబడలేదు. నాది 2010 మోడల్. ఆఫీసుకి, కుటుంబంతో దూరప్రయాణాలకి, అప్పుడప్పుడు ట్రాక్ మీదకి, అన్నిటికీ ఇదొక్కటే వాడుతున్నాను.

ఈ కారు 2007 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో బయటికొచ్చింది. అప్పటిదాకా లెక్సస్ అంటే మెత్తని సీట్లు, చప్పుడు లేని క్యాబిన్, పెద్దమనిషి తరహా. అలాంటి కంపెనీ నుంచి బీఎండబ్ల్యూ ఎం3కీ మెర్సిడెస్ సీ63కీ ఎదురు నిలబడే సెడాన్ వస్తుందని ఎవరూ పెద్దగా అనుకోలేదు. చీఫ్ ఇంజనీర్ యుకిహికో యగుచి ఒక చిన్న బృందంతో దీన్ని తయారుచేశారు. పేరులోని ‘ఎఫ్’ జపాన్‌లోని ఫుజీ స్పీడ్‌వేని గుర్తుచేసే అక్షరం. మామూలు ఐఎస్ సెడాన్ బాడీనే తీసుకుని, అందులో వీ8 పట్టేలా ముందు భాగాన్ని సాగదీశారు. బానెట్ మీది ఉబ్బు, ముందు చక్రాల వెనక ఉన్న గాలి సందులు అక్కడి నుంచే వచ్చాయి. పక్క నుంచి చూస్తే ముక్కు కాస్త పొడుగ్గానే ఉంటుంది. నాకది అందంగా అనిపించదు, కానీ కారణం తెలిశాక తప్పు పట్టాలనిపించలేదు.

ఇంజన్ పేరు 2యూఆర్-జీఎస్ఈ. 4,969 సీసీ, టర్బో లేదు. 6,600 ఆర్‌పీఎం దగ్గర 423 పీఎస్, 5,200 దగ్గర 505 న్యూటన్ మీటర్ల టార్క్. అమెరికా లెక్కలో దీన్నే 416 హార్స్‌పవర్ అంటారు. ఇంజన్ ఒకటే, కొలిచే పద్ధతి వేరు. సిలిండర్ హెడ్‌ల పనిలో యమహా చెయ్యి ఉంది, ఇన్‌టేక్ వాల్వులు టైటానియంవి. కంపెనీ చెప్పే ప్రకారం 100 కి.మీ. వేగం 4.8 సెకన్లలో వస్తుంది, గరిష్ఠ వేగం 270 కి.మీ.

కాగితం మీద ఇవి బాగుంటాయి. రోడ్డు మీద తెలిసేది ఇంకొకటి. 3,600 ఆర్‌పీఎం దాకా ఈ ఇంజన్ మామూలు లెక్సస్‌లాగే గుట్టుగా పనిచేస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లకి ఇది వేగమైన కారని అనుమానం కూడా రాదు. ఆ గీత దాటగానే గాలి పీల్చుకునే రెండో ద్వారం తెరుచుకుంటుంది. గొంతు ఒక్కసారిగా మారిపోతుంది. స్పీకర్లలోంచి వచ్చే కృత్రిమ శబ్దం కాదు, ఇంజన్ నిజంగా గాలి లాగే శబ్దం. ఇన్నేళ్లయినా ఖాళీ రోడ్డు కనబడితే ఆ గీత దాటించకుండా ఉండలేను. మైలేజీ గురించి తర్వాత చెప్పబోయే మాటలకి మూలకారణం కూడా ఇదే.

ఎక్కువ కాలం ఉంచుకునేవాళ్లకి పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. ప్రతి సిలిండర్‌కీ రెండు ఇంజెక్టర్లు: ఒకటి పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది, ఇంకోటి ఇన్‌టేక్ పోర్టులోకి. నేరుగా చిమ్మే ఇంజెక్టర్లు మాత్రమే ఉన్న ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది, కొన్నేళ్లకి విప్పి గోకాల్సి వస్తుంది. ఇందులో పోర్టులోకి వచ్చే పెట్రోలే వాల్వులను కడిగేస్తూ ఉంటుంది. నా బండికి ఇప్పటిదాకా ఆ పని పడలేదు.

ఇక గేర్‌బాక్స్. 2006లో లెక్సస్ వాళ్ల పెద్ద సెడాన్ ఎల్ఎస్ 460 ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో వచ్చినప్పుడు ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన కార్లలో అదే మొదటిది. ఆ పెట్టెనే తీసుకుని ఐఎస్ ఎఫ్ కోసం తిరగరాశారు. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్‌లో నూనె ఉంటుంది. కాలు నొక్కితే ముందు ఇంజన్ అరుస్తుంది, బండి ఆ తర్వాత కదులుతుంది. స్పోర్ట్స్ కార్లు నడిపేవాళ్లకి ఆటోమేటిక్ అంటే చిరాకు పుట్టేది ఈ జారుడు వల్లే. ఐఎస్ ఎఫ్‌లో లివర్‌ని ‘ఎం’లోకి, అంటే గేర్లు మనమే మార్చుకునే మాన్యువల్ మోడ్‌లోకి తోస్తే, మొదటి గేరు తప్ప రెండు నుంచి ఎనిమిది దాకా కన్వర్టర్ లాక్ అయిపోతుంది. నూనె మధ్యవర్తిత్వం ఉండదు. పాదం ఎంత కదిపితే చక్రం అంత కదులుతుంది, కాలు తీస్తే ఇంజన్ బ్రేకింగ్ వెంటనే పట్టుకుంటుంది. పై గేరుకి మారడానికి పట్టే సమయం సెకనులో పదో వంతు. స్టీరింగ్ వెనక గేర్లు మార్చే మీట, అంటే పాడిల్, నొక్కిన చప్పుడు, గేరు పడిన కుదుపు దాదాపు ఒకేసారి వస్తాయి. గేరు దించేటప్పుడు ఇంజన్ వేగాన్ని అదే సరిచూసుకుంటుంది, కాబట్టి మలుపుకి ముందు రెండు గేర్లు వరసగా దించినా వెనక చక్రాలు బెదరవు.

గేర్ల పొడవు కూడా ఆలోచించి పెట్టారు. 6,800 ఆర్‌పీఎం దగ్గర రెడ్‌లైన్, అంటే ఇంజన్ దాటకూడని హద్దు. మొదటి గేరు అక్కడికి చేరేసరికి వేగం 60 కి.మీ. దాటుతుంది, రెండో గేరు 105కి కాస్త అటూ ఇటూగా, మూడో గేరు 155 దగ్గర. అంటే మామూలు రోడ్డు మీద చట్టబద్ధంగా వాడుకోగలిగే సరదా అంతా మొదటి రెండు గేర్లలోనే దొరుకుతుంది. ఇంకో పక్క ఎనిమిదో గేరులో 100 కి.మీ. వేగంతో పోతుంటే ఇంజన్ 1,600 ఆర్‌పీఎం చుట్టుపక్కలే తిరుగుతుంది. హైవే మీద మాట్లాడుకుంటూ పోతే బానెట్ కింద వీ8 ఉందన్న సంగతే మర్చిపోతాం.

గేర్లు అదే మార్చుకునే ‘డి’లో ఉంచినప్పుడు మాత్రం ఈ పెట్టెకి ఇంత చురుకు ఉండదు. ఎనిమిదో గేరులో తాపీగా పోతూ ఉన్నట్టుండి ఓవర్‌టేక్ చేయాలని కాలు నొక్కితే, ఐదోదా, నాలుగోదా, మూడోదా అని తేల్చుకోవడానికి ఒక క్షణం తీసుకుంటుంది. అవతల నుంచి లారీ వస్తున్నప్పుడు ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంటుంది. అందుకే ఓవర్‌టేక్ ఆలోచన రాగానే ముందు ‘ఎం’లోకి తోసి, ఎడమ పాడిల్‌తో గేర్లు దించుకుని, ఆ తర్వాతే పక్కకి తిప్పడం అలవాటైపోయింది. అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో దీనికి తలకిందులుగా చేయాలి: అక్కడ ‘ఎం’ జోలికి పోవద్దు. లాకప్ వల్ల పాదం కొంచెం తడబడినా బండి కుదుపుతుంది, వెనక కూర్చున్నవాళ్లు నడపడం వచ్చా అని అడుగుతారు.

కుదుపు మాట వచ్చింది కాబట్టి సస్పెన్షన్. ఈ కారు మీద ఉన్న అతి పెద్ద ఫిర్యాదు ఇదే, అది న్యాయమైనదే. మొదటి మోడళ్లలో స్ప్రింగులు బాగా గట్టివి, కింద 19 అంగుళాల బీబీఎస్ ఫోర్జ్డ్ చక్రాలు, వాటికి పల్చటి టైర్లు. ముందు 225/40, వెనక 255/35. నున్నటి రోడ్డు మీద ఇది గొప్ప కారు. అతుకులేసిన రోడ్డు మీద ప్రతి అతుకూ నడుముకి తెలుస్తుంది. గుంత వస్తే బండి దాన్ని మింగదు, దాటుతుంది. 2011 మోడల్‌కి వచ్చేసరికి కంపెనీ స్ప్రింగులు, డ్యాంపర్లు మార్చింది. నా స్నేహితుడి దగ్గర 2012ది ఉంది. రెండూ ఒకే రోజు ఒకే రోడ్డు మీద మార్చి మార్చి నడిపాం. అతనిది మెత్తగా లేదు, కానీ గుంత తర్వాత ఒక్క ఊపుతో సర్దుకుంటుంది. నాది ఇంకో రెండు ఊపులు అదనంగా ఊగుతుంది. మలుపుల్లో కూడా అతనిదే నిలకడగా ఉంది. గట్టిగా ఉంటేనే స్పోర్ట్స్ కారు అనుకునేవాళ్లు ఆ రెంటినీ ఒకసారి పోల్చి చూడాలి.

2010 మోడల్‌తో వచ్చిన మంచి మార్పు టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక వెనక చక్రం జారినా బలం రెండో దానికి పంపే గేర్ల అమరిక. అంతకుముందు లోపలి చక్రం జారితే దాన్ని బ్రేకుతో ఆపి సరిపెట్టేవారు. ఈ రెంటికీ తేడా తెలియాలంటే మలుపులోంచి బయటపడుతూ త్వరగా కాలు నొక్కి చూడాలి. టోర్సెన్ ఉన్న బండిలో రెండు వెనక చక్రాలూ కలిసి తోస్తాయి, లేనిదాంట్లో ఎలక్ట్రానిక్స్ అడ్డం పడి వేగం తుంచేస్తాయి. స్టీరింగ్ ఎలక్ట్రిక్. సూటిగానే ఉంటుంది, కానీ రోడ్డు కబుర్లు చేతులకి పెద్దగా చెప్పదు. ఈ ఒక్క విషయంలో ఆ కాలపు ఎం3 దగ్గరికి ఇది రాలేదు.

బ్రేకులు బ్రెంబోవి. ముందు 360 మి.మీ. డిస్కులకి ఆరు పిస్టన్ల క్యాలిపర్లు, వెనక 345 మి.మీ. డిస్కులకి రెండు పిస్టన్లవి. పదిహేడు వందల కిలోలు దాటిన బండిని ట్రాక్ మీద పదే పదే ఆపినా పెడల్ లోతుకి పోలేదు. కానీ డిస్కులు, ప్యాడ్లు మార్చే రోజు బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది. టైర్ల సంగతీ అంతే. ముందు వెనక సైజులు వేరు కాబట్టి వాటిని అటూ ఇటూ మార్చి అరుగుదల సమం చేయడం కుదరదు. వెనకవి ముందే అరిగిపోతాయి. అందులో కుడికాలి పాత్ర ఎంత అనేది నడిపేవాళ్లకే తెలుసు.

లోపల పనితనం మొదటి రోజు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. కిటకిటలు లేవు, బటన్ల మీద అక్షరాలు చెరగలేదు. ముందు సీట్లు నడుముని పట్టుకుని కూర్చోబెడతాయి, ఎన్ని గంటలు నడిపినా నొప్పి ఉండదు. స్క్రీన్, మ్యాపులు ఆ కాలంవి, ఫోన్ ఉండగా వాటిని పట్టించుకోనక్కర్లేదు. వెనక సీటు మాత్రం ఇద్దరికే. మధ్యలో మనిషి కూర్చోకుండా కన్సోల్ పెట్టేశారు. కూర్చున్న ఆ ఇద్దరికీ మోకాళ్ల దగ్గర చోటు తక్కువే. వెనక సీట్లు మడవడానికి లేదు, కాబట్టి పొడవాటి సామాను తేవాలంటే ఇంకెవరిదైనా బండి అడగాలి. ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఇది ఒకే కారుగా సరిపోదు.

మైలేజీ అధికారిక అమెరికా లెక్క ప్రకారం గాలన్‌కి ఊళ్లో 16, హైవేలో 23 మైళ్లు. మన లెక్కలో లీటరుకి సుమారు 7, దాదాపు 10 కి.మీ. హైవే అంకెని ఎనిమిదో గేరు పుణ్యమా అని నిజంగానే అందుకోవచ్చు. ఊళ్లో అంకె రావాలంటే 3,600 గీత దాటకుండా నిగ్రహించుకోవాలి. ట్యాంకు 64 లీటర్లే, దానికి తోడు ప్రీమియం పెట్రోలే పోయాలి. నాకు బంకుతో ఉన్నంత పరిచయం మెకానిక్‌తో లేదు.

ఒక చిన్న వింత: వెనక బంపర్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే నాలుగు సైలెన్సర్ గొట్టాలు ఈ కారుకి గుర్తు. అవి బంపర్‌కి బిగించిన అలంకారాలు. అసలు పైపులు వాటి వెనకే ఆగిపోతాయి. ఇంత నిజాయితీగా కట్టిన కారులో ఈ డాబు ఎందుకో నాకర్థం కాదు. ఎవరైనా వంగి చూస్తుంటే మాట మారుస్తాను.

ఈ కారు తయారీ 2014తో ఆగింది, కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లంతా పాతదే కొనాలి. నన్నడిగితే 2011, ఆ తర్వాతవి వెతకండి: మారిన సస్పెన్షన్, లెక్సస్ సూపర్‌కార్ ఎల్ఎఫ్ఏ తరహాలో మధ్యలో ఆర్‌పీఎం మీటరు ఉన్న డయల్స్, టోర్సెన్ మూడూ వాటిలో ఉంటాయి. ధర తగ్గుతుందని 2008, 2009 వాటివైపు వెళ్తే, ఇంజన్ రెండు వరసల మధ్య లోయలో ఉండే మూత దగ్గర కూలెంట్ లీక్ ఉందేమో టార్చి వేసి చూడండి. ఎండిన గులాబీ రంగు మరక కనిపిస్తే బేరం అక్కడే ఆపి, ఖర్చు లెక్క కట్టించండి. చిన్నగా కనబడే లీకైనా పైన ఉన్న భాగాలన్నీ విప్పితే తప్ప చెయ్యి పట్టదు. నడిపి చూసేటప్పుడు ‘డి’లో ఒక చుట్టు తిరిగి వచ్చేయకండి, ఇంజన్ బాగా వేడెక్కాక ‘ఎం’లో రెండో గేరు పెట్టి 3,000 నుంచి 6,000 దాకా లాగండి. మధ్యలో గొంతు మారాలి, పాదం తీయగానే బండి వెంటనే వెనక్కి పట్టాలి, పాడిల్ నొక్కగానే ఆలస్యం లేకుండా గేరు పడాలి. ఈ మూడింటిలో ఏది తేడాగా ఉన్నా ఇంకో బండి చూసుకోండి.